కరవు సీమలో వెలుగు సేద్యం

అనంతపురం సీమను గురించి మాట్లాడేవారు సాధారణంగా ముందు లేనివాటిని లెక్కపెడతారు. వాన లేదు, పెన్నలో నీరు లేదు, చెరువు నిండదు, వేరుసెనగ పండదు, పని దొరకదు. ఈ లెక్క అబద్ధమని ఎవరూ అనలేరు. పడమటి కనుమల చాటున ఉండడంచేత, నైరుతి మేఘం ఈ పీఠభూమికి చేరేసరికి తన భారాన్నంతా మలబారు తీరాన దింపుకొని వస్తుంది. తూర్పు సముద్రానికి దూరమవడంచేత ఈశాన్య ఋతుపవనం ఇక్కడికి చేరేలోపలనే అలసిపోతుంది. ఉమ్మడి జిల్లాలో సాలుకు సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో జైసల్మేరు తరువాత వాన తక్కువ పడే జిల్లాగా దీనిని చెప్పుకోవడం వాడుక. 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరాల కరవు మాట ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా నోటినోట వస్తూనే ఉన్నది.

అయితే లేనివాటిని లెక్కపెట్టే అలవాటులో ఒక ప్రమాదం ఉన్నది. ఉన్నవి కంటికి ఆనవు. ఈ సీమలో ఏవి ఉన్నవి? ఎండ ఉన్నది. గాలి ఉన్నది. రాయి ఉన్నది. నీరు లేని నదీగర్భంలో ఇసుక ఉన్నది. వీటిని మన పూర్వులు సంపదగా ఎన్నలేదు. ఎన్నవలసిన అవసరమూ వారికి కలుగలేదు. మన కాలంలో మాత్రం వీటి విలువ మారిపోయింది. ఆ మార్పు ఏమిటో, దానివలన ఈ సీమ పిల్లలకు ఏమి దక్కుతుందో, ఏమి దక్కకుండా పోయే భయమున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాన తేని గాలి

ముందుగా గాలి సంగతి. ఆషాఢ శ్రావణాలలో ఈ మెట్ట నేలమీద పడమటి గాలి ఎట్లా వీస్తుందో ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. మబ్బు కనబడుతుంది, రైతు తల ఎత్తుతాడు, గాలి దానిని తూర్పుకు తోసుకొనిపోతుంది. ఎన్ని తరాల రైతులు ఆ గాలిని తిట్టుకొని ఉంటారో! ఆ గాలికే ఈనాడు ధర పలుకుతున్నది.

గాలిమర శాస్త్రంలో ఒక సూత్రమున్నది. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. కనుక కొద్దిపాటి వేగం హెచ్చినా ఫలితం చాలా హెచ్చుతుంది. ఈ కారణంగానే గాలిమరలను కొండ నెత్తిన, ఎత్తైన స్తంభాలమీద నిలబెడతారు. మన రాష్ట్రంలో ఈ ప్రయత్నం తొలిగా సాగిన చోట్లలో రామగిరి ఒకటి. 1990ల నడుమ అక్కడి గుట్టలమీద గాలిమరలు లేచినవి. తరువాత తాడిపత్రి ప్రాంతంలోనూ, ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపునా అవి వందలుగా వ్యాపించినవి. వజ్రకరూరు వాన కురిసిన మరునాడు చేలలో వజ్రాలకోసం వెదికే ఊరు. ఆ ఊరివారు నేలవైపు చూస్తుండగా, నెత్తిమీది గాలి వేరొక సంపదను తెచ్చి పెట్టింది.

రామగిరి చరిత్ర మరొక విధంగా కూడా గమనింపదగినది. అక్కడ బంగారు గనులుండేవి. ఆంగ్లేయుల కాలంలో కంపెనీలు తవ్వినవి. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ సంస్థ తవ్వింది. 2001 నాటికి ఆ తవ్వకం ముగిసింది. బంగారం ఊరు దాటిపోయింది. గుంటలు ఊరికి మిగిలినవి. గాలికి ఆ దోషం లేదు. తీసుకొన్నకొద్దీ తరిగేది కాదు. కాని తరగని సంపదకూడా ఊరు దాటి పోగలదని రామగిరి బంగారం మనకు నేర్పుతున్నది. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

ఎండకు వెల

ఇక ఎండ. 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్, వెలుతురు సోకితే కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని కనుగొన్నాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాన్‌తో చేసిన సౌరఘటాన్ని లోకానికి చూపించారు. తనమీద పడిన వెలుతురులో నూటికి ఆరు పాళ్లు మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగింది. ఈనాటి పలకలు నూటికి 20 పాళ్లు దాటినవి. ఒక సంగతి విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఈ పలకలకు కావలసింది వెలుగే గాని వేడి కాదు. వేడి పెరిగినకొద్దీ వాటి పని కొంత మందగిస్తుంది. కనుక మన మే నెల ఎండ శాస్త్రజ్ఞునికి పూర్తిగా వరమూ కాదు, పూర్తిగా శాపమూ కాదు. మబ్బులేని రోజులు అధికంగా ఉండడమే ఈ సీమకు ఉన్న అసలు భాగ్యం.

కదిరికి ఆవలనున్న నంబులపూలకుంట దగ్గర 1,500 మెగావాట్ల లక్ష్యంతో సౌర విద్యుత్ క్షేత్రం ఏర్పడింది. దానిలో కొంత భాగం పొరుగున నాటి కడప జిల్లాలోని గాలివీడు వైపు చేరినది. జాతీయ తాప విద్యుత్ సంస్థ అక్కడ నెలకొల్పిన మొదటి 250 మెగావాట్లు 2016లో పూర్తియైనవి. తాడిపత్రి దగ్గర తలారిచెరువు వద్ద మరొక క్షేత్రం వెలసింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపున గని, శకునాల గ్రామాల నేలమీద సుమారు 6,000 ఎకరాలలో 1,000 మెగావాట్ల క్షేత్రం 2017లో సిద్ధమైంది. 2025 మే 16న గుత్తి మండలం బేతపల్లి వద్ద ఎండను, గాలిని, విద్యుత్తును నిలువచేసే బ్యాటరీలను ఒకేచోట కలిపే 22,000 కోట్ల రూపాయల పథకానికి శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి అనంతపురం నుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. రామగిరి, నంబులపూలకుంట ఇప్పుడు ఆ కొత్త జిల్లాలో ఉన్నవి. జిల్లాల సరిహద్దులు మారినా ఎండ సరిహద్దు మారలేదు.

ధర సంగతి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2010లో మన దేశంలో సౌర విద్యుత్తుకు జరిగిన మొదటి వేలాలలో యూనిట్ ధర పది రూపాయలకు పైగా ఉండేది. 2017 ఏప్రిల్‌లో కడప క్షేత్రానికి జరిగిన వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు దిగింది. అంతవరకు దేశంలో అంత తక్కువ ధర పలికి ఉండలేదు. ధర వేగంగా పడిపోవడంవలన ఒక చిక్కు కూడా వచ్చింది. ముందుగా హెచ్చు ధరకు కుదుర్చుకొన్న ఒప్పందాలను తిరిగి పరిశీలించాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. వ్యాజ్యం సాగింది. 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం ఒప్పందం ప్రకారమే చెల్లించాలని తీర్పు చెప్పింది. ఎండ ఉచితమైనా ఎండతో చేసే వ్యాపారం ఉచితం కాదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

నైలు ఒడ్డున ఒక పాఠం

ఈ సమస్యలు మనకు మాత్రమే వచ్చినవి కావు. సహారా ఎడారి అంచున ఉన్న ఉత్తరాఫ్రికా దేశాలు మనకన్న ముందే ఈ త్రోవ తొక్కినవి. 1913లో, ఈజిప్టు రాజధాని కైరో సమీపాన మాదీ అనే చోట, ఫ్రాంక్ షూమన్ అనే అమెరికను ఇంజనీరు దోనెల ఆకారంలో వంచిన పెద్ద అద్దాలతో ఎండను ఒకచోట కూర్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, నైలు నీటిని పొలాలకు తోడించాడు. నిమిషానికి సుమారు 6,000 గ్యాలన్ల నీరు వచ్చేదని చెబుతారు. మరుసటి ఏడు ప్రపంచయుద్ధం వచ్చింది. తరువాత చౌకగా చమురు వచ్చింది. ఆ యంత్రం మూలబడింది. వందేళ్లు గడిచిన తరువాత, 2019లో, అదే దేశంలో అస్వాన్ వద్ద బెన్‌బాన్ సౌరక్షేత్రం 1,650 మెగావాట్లతో పూర్తియైంది. ఒక మంచి ఆలోచనకు తగిన కాలం రావడానికి ఒక్కొక్కసారి శతాబ్దం పట్టవచ్చును.

మొరాకో కథ మనకు ఇంకా దగ్గరది. ఆ దేశానికి చెప్పుకోదగిన చమురు లేదు; బొగ్గు లేదు; ఇంధనంలో అధికభాగం కొని తెచ్చుకోవలసిందే. 1990ల నడిమికి ఆ దేశపు పల్లెల్లో ఐదింట ఒక వంతు ఇండ్లకైనా విద్యుద్దీపం లేదు. 1996లో గ్రామీణ విద్యుదీకరణ పథకం ఆరంభించి, రెండు దశాబ్దాలలో దాదాపు అన్ని పల్లెలకు దీపం చేర్చారు. 2016 ఫిబ్రవరిలో వర్జాజత్ వద్ద ‘నూర్’ అనే సౌరక్షేత్రంలోని మొదటి భాగం పని ప్రారంభించింది. నూర్ అంటే వెలుగు. కదిరి, గుత్తి, పెనుకొండలలో ఉర్దూ మాట్లాడే మన సోదరులకు ఈ పదం పరాయిది కాదు. అక్కడ పగటి వేడిని కరగించిన ఉప్పులో దాచి, ప్రొద్దుగూకిన తరువాత కూడా కొన్ని గంటలు విద్యుత్తు తీస్తారు.

ఐతే ఎడారిలో అద్దాలకు దుమ్ము పడుతుంది. దుమ్ము కడగడానికి నీరు కావాలి. నీటికి కటకటగా ఉన్న చోట ఆ నీరు ఎవరి వాటానుండి వస్తుందనే ప్రశ్న అక్కడ లేచింది. అదే ప్రశ్న అనంతపురంలోనూ లేవక తప్పదు. త్రాగే నీటికి బోర్లు వందల అడుగుల లోతుకు దిగే ఊళ్లలో పలకలు కడగడానికి నీటిని వాడడం న్యాయమా? నీరు లేకుండా దుమ్ము తుడిచే యంత్రాలు ఇప్పుడు ఉన్నవి. వాటినే వాడాలని ఈ సీమలోని పంచాయతీలు పట్టుబట్టడం గొంతెమ్మ కోరిక అనిపించుకోదు.

ఇసుక పుట్టించిన ఇద్దరు బిడ్డలు

ఇక రెండవ విషయం, అంతర్జాలం. దీనికీ సౌర విద్యుత్తుకూ సంబంధమేమిటని పాఠకులకు తోచవచ్చును. సంబంధం పుట్టుకలోనే ఉన్నది. సౌర పలకలోని సిలికాన్, అంతర్జాలాన్ని మోసే గాజు తీగ, రెండూ ఒకే ఖనిజకుటుంబం బిడ్డలు. ఇసుకకూ చెకుముకిరాయికీ ఆధారమైన సిలికానే వాటికీ మూలం. ఒకటి వెలుగును పట్టి విద్యుత్తుగా మారుస్తుంది. రెండవది వెలుగును పట్టి అక్షరాన్ని మోస్తుంది. 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రజ్ఞుడు, మాలిన్యం లేని గాజుపోగులో వెలుగు ఎంతో దూరం ప్రయాణం చేయగలదని నిరూపించాడు. ఆ కృషికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. వెంట్రుకంత సన్నని ఆ పోగులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది.

మన దేశంలో సామాన్యులకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. కాని పల్లెకు అది చేరడానికి చాలా కాలం పట్టింది. గ్రామ పంచాయతీలన్నిటికీ గాజు తీగ చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2011లో పథకం వేసింది. అదే తరువాత భారత్‌నెట్ అనే పేరు పొందింది. తీగను భూమిలో పాతిపెట్టడానికి కందకాలు త్రవ్వాలి, అనుమతులు రావాలి, మన సీమలోనైతే రాళ్లు పగులగొట్టాలి. ఆంధ్రప్రదేశ్ ఇక్కడ ఒక ఉపాయం ఆలోచించింది. ఊరూరా విద్యుత్ స్తంభం ముందే నిలిచి ఉన్నది గదా! గాజు విద్యుత్తును ప్రసరింపనీయదు గనుక, కరెంటు తీగ ప్రక్కనే గాజు తీగను వేలాడగట్టవచ్చును. ఈ విధంగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగను స్తంభాలమీదుగా లాగారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ వెలగపూడిలో ఈ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. నాడు నెలకు 149 రూపాయలకే అంతర్జాలం, టెలిఫోను, దూరదర్శన ప్రసారాలు మూడూ ఇస్తామని ప్రకటించారు.

ఇట్లు ఒకే స్తంభం రెండు వెలుగులను మోస్తున్నది. వాటి మైత్రి అంతటితో ఆగలేదు. ఎండా గాలీ మన మాట వినవు. మబ్బు వస్తే ఒకటి తగ్గుతుంది, ప్రొద్దు వాలితే ఒకటి ఆగుతుంది. అందుచేత ఎంత విద్యుత్తు రాగలదో ముందుగా లెక్కకట్టి చెప్పాలి. మన దేశంలో ఈ లెక్క పదిహేను నిమిషాల కొకసారి, అంటే రోజుకు 96 భాగాలుగా సాగుతుంది. ఆ లెక్కలు క్షణంలో చేరడానికి అంతర్జాలం కావాలి. అంతర్జాలం నడవడానికి విద్యుత్తు కావాలి. ఊరిలో కరెంటు పోతే బడిలోని తెర చీకటవుతుంది. కనుక ఒకటి కుంటితే రెండవదీ కుంటుతుంది.

కదిరికి కొంత దూరంలో తిమ్మమ్మ మఱ్ఱిమాను ఉన్నది. దాదాపు ఐదెకరాలు ఆక్రమించి, ప్రపంచంలో మిక్కిలి విశాలమైన వృక్షంగా 1989లో గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించింది. దానిలో మొదటి మాను ఏదో చెప్పడం కష్టం. ప్రతి ఊడా నేల తాకి మ్రానైనది. ఒకటి ఎండినా మరొకటి భారం వహిస్తుంది. అంతర్జాలపు అమరికను విద్యార్థులకు బోధించవలసిన ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉపమానం దొరకదు. ఐనా ఈ మఱ్ఱికీ బలహీనతలున్నవి. మనదేశాన్ని ఐరోపాతో కలిపే సముద్రగర్భ తీగలు ఎక్కువగా ఎర్రసముద్రం, ఈజిప్టుల మీదుగా పోతవి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపాన తీగలు తెగినప్పుడు భారతదేశంలో అంతర్జాలం మందగించింది. నైలు ముఖద్వారాన తెగిన పోగు పెన్న ఒడ్డున పనిని ఆపగలదన్నమాట.

ఎవరి నేల, ఎవరి వెలుగు?

ఇంతవరకు చెప్పింది సాధించినదాని వృత్తాంతం. ఇప్పుడు అడగవలసినది అడగాలి. ఒక మెగావాటు సౌర విద్యుత్తుకు ఇంచుమించు ఐదెకరాల నేల కావాలి. ఈ నేలలను కాగితాలమీద బీడు అని వ్రాయడం తేలిక. కాని ఆ బీటిమీదనే గొర్రెల మందలు మేసినవి. పేదలు పొయ్యిలోకి పుల్లలు ఏరుకొన్నారు. వాన పడిన ఏడు కొర్రా, సెనగా చల్లుకొన్నారు. పట్టా ఉన్న రైతుకు పరిహారం దొరుకుతుంది. శివాయి జమాగా తరాలుగా దున్నుకొనేవాడికి, చుక్కల భూమిలో పేరు తేలనివాడికి, నేలలేని గొర్రెలకాపరికి ఏది దారి? మరొక సంగతి. క్షేత్రం కట్టేటప్పుడు వందలమందికి కూలి దొరుకుతుంది. కట్టడం పూర్తియైన తరువాత కాపలాకూ, శుభ్రతకూ, మరమ్మతుకూ కొద్దిమంది చాలు. వేరుసెనగ చేను ఏటేటా కలుపుకూ, కోతకూ, కాయ ఒలుపుకూ పిలిచే ఆడకూలీలను సౌర పలక పిలవదు.

కనుక ఈ పథకాలు వద్దనవలెనా? ఎంతమాత్రం కాదు. శ్రీశైలం జలాలను మాల్యాల వద్దనుండి మెట్టు మెట్టుగా ఎత్తి 2012లో జీడిపల్లి జలాశయానికి చేర్చిన హంద్రీ–నీవా పథకం విద్యుత్ మోటార్ల మీదనే ఆధారపడి ఉన్నది. ఈ సీమలో నీటికి విద్యుత్తే నిచ్చెన. 2004 మే నుండి రైతు బోరుకు ఉచిత విద్యుత్తు ఇస్తున్న రాష్ట్రానికి చౌక విద్యుత్తు అవసరం ఎంతో వేరే చెప్పాలా? బొగ్గు పొగ భూగోళాన్ని వేడెక్కిస్తున్న ఈ కాలంలో, ఆ వేడికి మొదట మాడిపోయేది మన వంటి మెట్ట సీమలే. కాబట్టి వెలుగు సేద్యం జరుగవలసిందే. దాని పంపకంలో న్యాయం ఉండాలన్నదే వాదం.

ఆ న్యాయానికి దారులు లేకపోలేదు. నేలను అమ్మించక కౌలుకు తీసుకొని ఏటేటా రైతుకు పైకం ముట్టజెప్పే పద్ధతి ఒకటి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన విద్యుత్ ఎగుమతి విధానంలో దీనికి చోటు కల్పించారు. పలకలను కొంచెం ఎత్తుగా నిలిపి, వాటి క్రింద గొర్రెలను మేపుకోనిచ్చే పద్ధతి అమెరికా, ఆస్ట్రేలియాలలో నడుస్తున్నది. గొర్రెకు మేత, క్షేత్రానికి కలుపు బెడద తప్పడం, రెండూ సమకూరుతవి. మూడవది, మరమ్మతు విద్యను స్థానిక పాలిటెక్నిక్‌లలో నేర్పి, గాలిమర ఎక్కే పని ఆ ఊరి బిడ్డకే దక్కేటట్లు చూడడం.

ఈ న్యాయం ఇప్పుడే కుదుర్చుకోవాలనడానికి మరొక కారణమున్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో మహా దత్తాంశ కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. ప్రపంచంలో ఇటువంటి కేంద్రాలు 2024లో మొత్తం విద్యుత్తులో నూటికి ఒకటిన్నర పాలు వాడుకొన్నవని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా కట్టింది. ఆ ఆకలి పెరుగుతున్నది. ఆ ఆకలి తీర్చడానికి ఎండా గాలీ ఉన్న మెట్ట సీమలవైపు చేతులు చాచడం సహజం. అప్పుడు కొనేవాడి అవసరం పెద్దది, అమ్మేవాడి అవసరం ఇంకా పెద్దది అయితే, బేరం ఎటు మొగ్గుతుందో రామగిరి బంగారం ముందే చెప్పింది.

ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది

ఈ విషయంలో మన వంటి అధ్యాపకులకు, విద్యార్థులకు పని లేదనుకోరాదు. స్తంభం మీదుగా తీగ వచ్చింది. తీగ వెంట తెలుగు వచ్చిందా అనేది మన ప్రశ్న. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. బ్రౌను నిఘంటువు మొదలుకొని ఎన్నో పాత గ్రంథాలు ఈనాడు పల్లెలోని పిల్లవాడికీ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నవి. ఒకప్పుడు ఆ నిఘంటువు చూడవలెనంటే పట్టణంలోని గ్రంథాలయానికి నడిచిపోవలసి వచ్చేది. ఇది స్వల్పమైన మార్పు కాదు. కాని మన ఊరి చరిత్రలు, మన పంటల పేర్లు, మన చెరువుల సంగతులు ఆ జాలంలో ఎంతవరకు చేరినవి? గాలిమర ఎట్లా తిరుగుతుందో, విద్యుత్ ఒప్పందంలో ఏమి వ్రాసి ఉంటుందో, కౌలు షరతు ఎట్లా చదవాలో తేట తెలుగులో చెప్పే రచన ఎంత ఉన్నది? రైతు సంతకం పెట్టే కాగితం అతనికి అర్థమయ్యే భాషలో లేకపోతే, అతని ఇంట దీపం వెలిగినా అతడు చీకటిలోనే ఉన్నాడు.

అందుచేత ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. మీ బడిలో ఒక వర్షమాపకం పెట్టించండి. ఒక సంవత్సరం పాటు వాన, ఎండ, గాలి తీరు పిల్లలచేత రోజూ వ్రాయించండి. మీ ఊరి చుట్టూ ఉన్న గాలిమరలను, పలకలను లెక్కించమనండి. ఆ నేల ముందు ఎవరిది, ఏమి పండేది, ఇప్పుడు ఎవరికి ఏమి అందుతున్నదో పెద్దలనడిగి తెలుసుకోమనండి. మీ ఊరికి తీగ చేరిందా, చేరితే బడికి అందుతున్నదా, నెలకు ఎన్ని రోజులు పనిచేస్తున్నదో గుర్తుపెట్టించండి. దానినంతా మంచి తెలుగులో వ్రాయించి, అదే అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచండి. పది ఊళ్ల పిల్లలు ఈ పని చేస్తే, ఏ కార్యాలయమూ కాదనలేని లెక్క తయారౌతుంది.

ఇన్నాళ్లూ ఈ సీమకు లేనివాటి లెక్కను ఇతరులు వ్రాశారు. ఇప్పుడు ఉన్నవాటి లెక్కను ఈ సీమ బిడ్డలే వ్రాసుకోవాలి. లెక్క తెలిసిన చేతికే పంటలో వాటా అడిగే ధైర్యం ఉంటుంది.